12 లక్షల్లో సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్: ప్రమాదకరమైన ఎనర్జీ ప్రయోగాన్ని గ్రాఫిక్స్ లేకుండా నమ్మించేదెలా?

రీలుపిచ్చి (కొత్తగూడెం) అడిగారు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ షార్ట్ ఫిల్ములు చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు గంటన్నర సినిమా తీద్దామని దిగాను. చేతిలో ఉన్నది 12 లక్షలు. అందులో సగం మా బావ పెట్టారు, కాబట్టి ప్రతి రూపాయికీ అక్క ముందు లెక్క చెప్పాలి.

కథ ఇదీ. ఉద్యోగం పోయిన ఒక ఫిజిక్స్ లెక్చరర్. ఊరి చివర అద్దె ఇల్లు. భార్య వరండాలో పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఇల్లు నెట్టుకొస్తుంటుంది. ఈయన వెనక గదిలో పాత స్టూడెంటు ఒకణ్ని తోడు పెట్టుకుని, బొగ్గూ డీజిలూ లేకుండా ఇంటింటికీ కరెంటు ఇచ్చే ప్రయోగమేదో చేస్తుంటాడు. మాది బొగ్గు ఊరు కదా, ఆ కోణం రాయడం నాకు కష్టం కాలేదు. ప్రయోగం ఫలిస్తున్న కొద్దీ ఇంట్లో ఒక్కో వింత జరుగుతుంది. ఇంటర్వెల్‌లో ఊరంతా కరెంటు పోయి, ఆ గది పైకప్పు నుంచి నీలం వెలుగు ఆకాశంలోకి లేస్తుంది. క్లైమాక్స్‌లో ఇల్లు పేలిపోతుంది.

గొడవంతా ఆ నీలం వెలుగుతోనే. ఆ ఒక్క షాట్‌కి గ్రాఫిక్స్ వాళ్లు అయిదు లక్షలు అడిగారు. తక్కువలో చేసిస్తానన్న ఇంకొకాయన శాంపిల్ పంపాడు. భక్తి సీరియల్లో నాగుపాము పడగ విప్పినట్టుంది.

ఒక గదిలో, ఒక టేబుల్ మీద జరిగే ఎనర్జీ ప్రయోగం నిజంగా ఏదైనా ఉందా? చూసేవాళ్లకు భయం వేయాలి, సైన్స్ తెలిసినవాళ్లు నవ్వకూడదు. నా స్క్రిప్టులో హీరో మణుగూరు ప్లాంటు నుంచి భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, దొంగతనం చేసి తెస్తాడు. అది కుదురుతుందా?

కటింగ్ టేబుల్ (హైదరాబాద్):

టెస్లా కాయిల్ ఒకటి కొను బ్రో. మెరుపులు ఫ్రీ, ఫోన్ కెమెరాకి కూడా పడతాయి. లాజిక్ ఎవడు చూస్తాడు? బీజీఎం గట్టిగా కొట్టించు, చాలు.

పాత ల్యాబ్ మనిషి (హన్మకొండ):

బాబూ, టెస్లా కాయిల్ జోలికి పోకు. సైన్స్ ఎగ్జిబిషన్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేసి చూపిస్తున్నారు. అలాగే తెల్లకోటు, రంగురంగుల నీళ్లు పోసిన ఫ్లాస్కులు కూడా వద్దు. నేను ల్యాబ్‌లో గడిపినన్నాళ్లూ ఆకుపచ్చ ద్రవంలోంచి పొగ రావడం ఎప్పుడూ చూడలేదు.

నువ్వు అడిగినట్టు ఒక టేబుల్ మీద పట్టే ప్రయోగం ఒకటుంది. ప్రపంచమంతా కొన్ని వారాలు దాన్ని నమ్మింది కూడా. 1989 మార్చి 23న అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు ఎలక్ట్రోకెమిస్టులు (కరెంటుతో జరిగే రసాయన చర్యల మీద పనిచేసేవాళ్లు) ప్రెస్‌మీట్ పెట్టారు. సూర్యుడిలో జరిగే ఫ్యూజన్‌ని, అంటే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసి శక్తి పుట్టడాన్ని, గాజు గొట్టంలో, గది వేడిమి దగ్గరే సాధించామన్నారు. అదే కోల్డ్ ఫ్యూజన్. సొంత డబ్బు లక్ష డాలర్ల దాకా దాని మీద పెట్టారట. నేనప్పుడు హైదరాబాద్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని, అదీ ఎలక్ట్రోకెమిస్ట్రీలోనే. ఆ పేపరు మా చేతికి ఫ్యాక్స్ కాపీకి జిరాక్స్, ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్‌గా వచ్చింది. గ్రాఫుల్లో గీతలేవో, మరకలేవో తెలిసేది కాదు. అయినా రాత్రంతా కూర్చుని చదివాం. మా దగ్గరున్న సామానుతోనే చేసేయొచ్చు మరి! ఫ్యూజన్ అంటే రష్యా వాళ్లూ అమెరికా వాళ్లూ వందల కోట్లు పోసే పెద్ద యంత్రాలని అప్పటిదాకా మా లెక్క.

టేబుల్ మీద ఉండేవి చెప్తాను, ఆర్ట్ డైరెక్టర్‌కి చూపించు. పొడుగాటి గాజు గొట్టం ఒకటి. దాని మధ్యలో పెన్సిల్ రీఫిల్‌కన్నా కాస్త లావుగా పల్లేడియం అనే లోహపు కడ్డీ. చుట్టూ స్ప్రింగులా ప్లాటినం తీగ. గొట్టంలో భారజలం, అందులో చిటికెడు లిథియం కలుస్తుంది. గొట్టాన్ని నీళ్ల తొట్టిలో నిలబెడతారు. ఒక డీసీ పవర్ సప్లై, ఒక వోల్ట్ మీటరు, ఒక అమ్మీటరు, ఒక థర్మామీటరు. అంతే. కరెంటు పంపితే భారజలం విడిపోయి కడ్డీ దగ్గర డ్యుటీరియం (అదే ఆ బరువైన హైడ్రోజన్), తీగ దగ్గర ఆక్సిజన్ వస్తాయి. పల్లేడియానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. తన సైజుకి 900 రెట్ల హైడ్రోజన్ వాయువుని లోపలికి పీల్చేసుకుంటుంది. అంత ఇరుకులో కుక్కితే డ్యుటీరియం కేంద్రకాలు కలిసిపోయి వేడి పుడుతుందన్నది వాళ్ల వాదన. లోపలికి పంపిన వాట్లకన్నా బయటికొచ్చిన వేడి ఎక్కువ ఉందన్నారు.

ఇక ప్రమాదం సంగతి. నీ థ్రిల్లర్ మొత్తం ఇక్కడే ఉంది. ఫ్యూజన్ నిజమో కాదో గానీ, గ్యాసు మాత్రం నిజం. ఒక ఆంపియర్ కరెంటు రోజంతా పోతే సుమారు 10 లీటర్ల డ్యుటీరియం, 5 లీటర్ల ఆక్సిజన్ వస్తాయి. రెండూ పేలడానికి సరిగ్గా సరిపోయే పాళ్లలోనే పుడతాయి. మామూలు గాల్లో హైడ్రోజన్ 4 శాతం చేరినా అంటుకుంటుంది. దానికి కావలసిన నిప్పు ఎంత? ఒక మిల్లీజౌల్‌లో యాభయ్యో వంతు. నైలాన్ చీర కొంగు విదిలిస్తే వచ్చే చిటపట అంతకంటే ఎక్కువే. అందుకే ఆ గ్యాసుని రబ్బరు గొట్టంతో కిటికీ బయటికి పంపాలి. దారిలో ఒక మూసిన నీళ్ల సీసా గుండా పోనిస్తే బుడగలు వస్తుంటాయి. బుడగలు వస్తున్నంతసేపూ దారి తెరుచుకుని ఉన్నట్టు.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన పాయింటు. నీరు విడిపోతోంది కాబట్టి గొట్టంలో మట్టం దిగిపోతుంటుంది. ఒక ఆంపియర్‌కి రోజుకి 9 గ్రాముల భారజలం. తగ్గినంత మేరా సిరంజితో పోస్తుండాలి. పోయడం మర్చిపోయావనుకో, కడ్డీ తల నీళ్లలోంచి బయటపడుతుంది. గ్యాసులో బయటపడ్డ పల్లేడియం అగ్గిపుల్లే. డ్యుటీరియాన్నీ ఆక్సిజన్‌నీ తన ఒంటి మీదే కలిపేసి, ఎర్రగా కాలి, గొట్టంలో ఉన్నదంతా అంటిస్తుంది. నీకు టైం బాంబు, డిజిటల్ కౌంట్‌డౌన్ ఎందుకు? గొట్టం మీద మార్కర్ పెన్నుతో ఒక గీత గీయి. నీటి మట్టం ఆ గీత కిందికి దిగకూడదని మొదటి పదిహేను నిమిషాల్లో ఒకసారి చెప్పించు. తర్వాత ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, జనమే చూసుకుంటారు.

మా సీనియర్ ఒకాయన ఒక సాయంత్రం కడ్డీని సెల్‌లోంచి, అంటే ఆ గాజు గొట్టంలోంచి తీసి, తూకం వేద్దామని ఫిల్టర్ కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు. మేము టీ తాగుతున్నాం. కాసేపటికి ఇస్త్రీ పెట్టె బట్ట మీద మర్చిపోతే వచ్చే వాసన. చూస్తే కాగితం మధ్యలో గోధుమరంగు చార పడి, అంచుల్లోంచి సన్నగా పొగ. లోపల పీల్చుకున్న వాయువు గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి కడ్డీ దానంతటదే కాలింది. అందులో ఫ్యూజన్ గీజన్ ఏమీ లేదు, పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే. కానీ చల్లటి నీళ్లలోంచి తీసిన లోహం, మంట లేదు, కరెంటు లేదు, కాగితం మాడుతోంది. ఆ రాత్రి హాస్టల్లో ఎవరికీ నిద్ర లేదు, అంతా ఫ్యూజనే అనుకున్నాం. ఆ షాట్ తియ్యి. నీలం వెలుగుకన్నా బాగుంటుంది.

ఆ ఇద్దరి పేపర్లో ఇంతకంటే పెద్దదే ఉంది. ఒక సెంటీమీటరు పల్లేడియం దిమ్మతో చేసిన ప్రయోగంలో ఒక రాత్రి దిమ్మలో చాలా భాగం కరిగిపోయింది, సెల్ నాశనమైంది, ఫ్యూమ్ హుడ్‌లో (పొగలు బయటికి లాగే ల్యాబ్ అర) కొంత భాగం పోయింది. పల్లేడియం కరగాలంటే 1,550 డిగ్రీలు దాటాలి. పట్టికలో ఆ వరుస ఎదురుగా ‘హెచ్చరిక’ అని, మండుతుందేమో అన్నట్టు ఒక ప్రశ్నార్థకం పెట్టారు. శాస్త్రవేత్తలు ప్రశ్నార్థకంతో హెచ్చరించడం నేనింకెక్కడా చూడలేదు. అది ఫ్యూజనా, మామూలు గ్యాసు పేలుడా అన్నది తేలనే లేదు. 1992 జనవరి 2న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఇలాంటి సెల్ పేలి ఒక బ్రిటిష్ ఎలక్ట్రోకెమిస్టు చనిపోయాడు. అది మాత్రం గ్యాసు పేలుడే.

మన దేశంలోనూ చేశారు. ట్రాంబేలో బార్క్‌లో (భాభా అణు పరిశోధన కేంద్రం), పి.కె. అయ్యంగార్ డైరెక్టరుగా ఉన్నప్పుడు, చాలా బృందాలు దీని మీద పడ్డాయి. ఫ్యూజన్ జరిగితే రావాల్సిన ట్రిటియం (ఇంకా బరువైన హైడ్రోజన్) కనిపించిందని, న్యూట్రాన్లు (కేంద్రకంలోంచి వచ్చే కణాలు) కనిపించాయని 1989లోనే రిపోర్టు వేశారు. తర్వాతి ఏళ్లలో అక్కడ ఆ పని ఆగిపోయింది. నీ లెక్చరర్‌కి వెనక కథ కావాలంటే ఇదిగో. అప్పట్లో బొంబాయిలో కుర్ర రీసెర్చరుగా ఉండి, ఆ ఊపు చూసి, అది ఆగిపోవడం తట్టుకోలేకపోయినవాడు. అలాంటివాళ్లని నేనెరుగుదును. పిచ్చివాళ్లు కారు. మనకంటే జాగ్రత్తగా నోటు పుస్తకం రాస్తారు.

అశ్వాపురం అమ్మాయి (ఇప్పుడు పుణె):

మా నాన్న మణుగూరు భారజల ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. నేను పెరిగింది ఆ కాలనీలోనే. మీ దొంగతనం సీను చదివి వినిపిస్తే నాన్న చాలాసేపు నవ్వి, ‘వాడు గేటు దాకా కూడా రాలేడని చెప్పు’ అన్నారు. అణుశక్తి శాఖ సరుకు అది. లెక్క లేకుండా బయటికి రాదు.

ఆ సీను తీసేయండి గానీ, ప్లాంటుని సినిమాలోంచి పూర్తిగా తీసేయకండి. మామూలు నీళ్లలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్క డ్యుటీరియం ఉంటుంది. గోదావరి నీళ్లలోంచి దాన్ని ఏరడానికి అక్కడ వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన. చిన్నప్పుడు మాకు నేర్పింది ఏమిటంటే, వాసన వస్తుంటే కాదు, వస్తున్న వాసన ఉన్నట్టుండి ఆగిపోతే భయపడాలి. 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్ల దగ్గరికి వెళ్తే ముక్కు మొద్దుబారిపోతుంది. గ్యాసు పోయిందనుకుంటాం, అది పెరిగి ఉంటుంది. అందుకే గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచీ కనిపించేలా కడతారు. పరిగెత్తాల్సి వస్తే గాలికి ఎదురుగా కాదు, గాలి వెంటా కాదు, అడ్డంగా పరిగెత్తాలి. మీ లెక్చరర్ భార్యది మా ఊరు అని పెట్టండి. తనకి వాసనల మీద పట్టింపు ఉంటుంది. హైడ్రోజన్‌కి వాసనే లేదు కదా, ఆ ఇంట్లో తనకి తెలిసిన జాగ్రత్త ఏదీ పనిచేయదు.

ఇంక భారజలం ఎక్కడిది అంటే, నేను ఫార్మాలో ఎన్‌ఎంఆర్ ల్యాబ్‌లో (అయస్కాంతంతో అణువుల నిర్మాణం చూసే చోటు) చేశాను. మా దగ్గర చిన్న సీసాల్లో ఉండేది. 10 గ్రాములు, 25 గ్రాములు, 100 గ్రాములు. శాంపిల్స్ కరిగించడానికి వాడతాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో ఎన్ని ల్యాబులున్నాయో మీకు తెలిసిందే. ఆ పాత స్టూడెంటుని అలాంటి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని చేయండి. టిఫిన్ బాక్సులో సీసా పెట్టుకుని వస్తాడు.

పాత ల్యాబ్ మనిషి (హన్మకొండ):

అమ్మా, నీ దగ్గర నుంచి బంగారం లాంటి పాయింటు వచ్చింది. రోజుకి 9 గ్రాములు ఖర్చు. 10 గ్రాముల సీసా. అంటే రోజుకో సీసా. ఆ కుర్రాడు ఎన్నాళ్లని తేగలడు? స్టోర్ రిజిస్టర్‌లో సంతకాలు ఉంటాయి కదా. ఏదో ఒక రోజు సీసా దొరకదు. సార్ కళ్లలోకి చూసి లేదని చెప్పే ధైర్యం వాడికి లేదు. మెడికల్ షాపులో ఇంజెక్షన్లకి వాడే డిస్టిల్డ్ వాటర్ కొని ఆ సీసాలో పోసి తెస్తాడు.

మర్నాడు పొద్దున్న రీడింగు చూస్తే, వేడి అంతే ఉంది.

రీలుపిచ్చీ, నీ ఇంటర్వెల్ ఇది. 1989లో అందరూ ఆ ఇద్దర్నీ అడిగిన ప్రశ్న కూడా ఇదే. మామూలు నీళ్లతో చేసి చూశారా అని. మామూలు నీళ్లలో డ్యుటీరియం లేనట్టే లెక్క, ఫ్యూజన్ జరగకూడదు. వేడి అంతే వచ్చిందంటే ఆ వేడి లెక్కలోనే తప్పుంది. సార్‌కి ఈ సంగతి తెలీదు, ఆయన సంతోషంతో మిఠాయి తెప్పిస్తున్నాడు. తెలిసింది కుర్రాడికొక్కడికే. చెప్తే దొంగతనం బయటపడుతుంది, ఆయన గుండె ఆగుతుంది. చెప్పకపోతే ఆయన కరెంటు పెంచుతాడు. కరెంటు పెంచితే గ్యాసు పెరుగుతుంది, నీటి మట్టం త్వరగా పడుతుంది.

లెక్కలో తప్పు ఎలా వస్తుందంటావేమో. అమెరికాలో కాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయంలో నాథన్ లూయిస్ వాళ్లు చూపించారు, సెల్‌లో నీటిని బాగా కలపకపోతే థర్మామీటరు ఒక్కో చోట ఒక్కో అంకె చూపిస్తుంది. అక్కడిదే ఇంకో విశ్వవిద్యాలయం, జార్జియా టెక్ వాళ్లయితే న్యూట్రాన్లు దొరికాయని ఏప్రిల్‌లో ప్రకటించి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నారు. వాళ్ల డిటెక్టరుకి వేడి తగిలినా అంకె పెరుగుతోందట. నీ సినిమాలో సార్ న్యూట్రాన్లు లెక్కపెట్టే కౌంటరుని సెల్ పక్కన, బల్బు కింద పెట్టి ఉంచుతాడు. అంకెలు పెరుగుతుంటాయి. ఎవరో బల్బు ఆర్పుతారు. మెల్లగా తగ్గుతాయి. ఆ సీన్లో డైలాగు పెట్టకు.

మూడో బెంచీ (విజయనగరం):

అన్నీ బాగున్నాయి గానీ, జనం టికెట్ కొనేది, సారీ, రీఛార్జ్ చేసుకునేది థర్మామీటర్ చూడ్డానికా? నాకైతే పేలుడు కావాలి. నీటి మట్టం తగ్గుతోందని నేను సోఫాలోంచి లేచి అరవను.

గుడ్డి దీపం (కెమెరా డిపార్ట్‌మెంట్, హైదరాబాద్):

మూడో బెంచీ గారూ, అరుస్తారు. అరిపించడం మా పని.

రీలుపిచ్చి బ్రదర్, ఖర్చు తగ్గే మాటలు చెప్తాను. బుడగల్ని వెనక నుంచి చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్‌తో లైటింగ్ చేయండి, ముందు లైటు వద్దు. మాక్రో లెన్స్ అద్దెకి తీసుకోకపోయినా లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో పని అవుతుంది. మీటర్లు మాత్రం ఎల్‌సీడీవి కొనండి, ఎర్ర అంకెల ఎల్‌ఈడీ మీటర్లు కెమెరాలో మిణుకుమిణుకుమంటాయి. షట్టర్ 1/50 దగ్గర ఉంచితే మన కరెంటుకి ట్యూబ్‌లైట్లు కూడా కొట్టుకోవు.

అసలు సంగతి సౌండ్‌లో ఉంది. ల్యాబ్ సార్ చెప్పిన ఆ నీళ్ల సీసా బుడగల చప్పుడు ఉంది చూడండి, దాన్ని మొదటి రీలు నుంచి వెనకాల నడిపించండి. భార్యాభర్తలు గొడవ పడుతున్నా, పిల్లలు ఎక్కాలు చెబుతున్నా, కుక్కర్ విజిల్ వేస్తున్నా, అది లోపల బుడబుడమంటూనే ఉండాలి. పది నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. పీజో మైకు ఒకటి బెలూన్‌లో పెట్టి ముడేసి నీళ్లలో ముంచితే ఆ సౌండ్ దగ్గరగా దొరుకుతుంది. వంద రూపాయల సరంజామా. తర్వాత ఒక రాత్రి ఆ చప్పుడు ఆపేయండి. బీజీఎం కూడా వద్దు.

కిటికీ బయట ఆ గొట్టం కొస ఎందుకు మూసుకుపోయింది అంటారా? మా ఇంట్లో కిటికీ గొట్టాల్లో, ఇటుకల సందుల్లో కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతుంది. కొలిచినట్టు సరిగ్గా కన్నం మూస్తుంది. ముందు సీన్లలో ట్యూషన్ పిల్లవాడొకడు కిటికీ దగ్గర దాన్ని చూస్తూ కూర్చుంటాడు, టీచరమ్మ తిడుతుంది. అంతవరకే చూపించండి.

రీలుపిచ్చి (కొత్తగూడెం):

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని రెండో సగం మొత్తం చింపేశాను. మా రైటర్ అలిగాడు గానీ వస్తాడు.

నాకింకా రెండు సందేహాలున్నాయి. మొదటిది ల్యాబ్ సార్‌కి. ఫ్యూజన్ జరగనే జరగదు అంటే ఇది సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుంది సార్? చివరికి అంతా లెక్కల తప్పు అని తేలిస్తే జనం మోసం చేశాడంటారు. రెండోది, షూటింగ్‌లో నిజంగానే నీళ్లలో కరెంటు పెట్టి బుడగలు తెప్పిద్దామని మా ఆర్ట్ అతను అంటున్నాడు. ఉప్పు వేస్తే బాగా వస్తాయట.

పాత ల్యాబ్ మనిషి (హన్మకొండ):

రెండోదానికి ముందు జవాబు, ఎందుకంటే అది ప్రాణాల సంగతి. వద్దు. ఉప్పునీళ్లలో కరెంటు పెడితే క్లోరిన్ వస్తుంది, మూసిన గదిలో యూనిట్ మొత్తం దగ్గుతూ బయటికి పరిగెత్తాలి. హైడ్రోజన్ సరేసరి. పైగా మీ లైట్లు, మీ కేబుళ్లు, మీ జంక్షన్ బాక్సులు. అక్వేరియం షాపులో గాలి పంపు, ఎయిర్ స్టోన్ కొనండి. బుడగలు పెద్దవిగా ఉన్నాయనిపిస్తే నీళ్లలో ఒక చుక్క డిష్ వాష్ లిక్విడ్ వేస్తే సన్నబడతాయి. ఎక్కువ వేస్తే నురగ వస్తుంది, జాగ్రత్త. కడ్డీకి స్టీలు, ప్లాటినం తీగకి హీటర్ కాయిల్ రిపేరు చేసే షాపులో దొరికే నిక్రోమ్ తీగ. కడ్డీ పొగ షాట్‌కి ముందే కాగితాన్ని వెనకవైపు సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చుకోండి. గది కిటికీలు తెరిచి పెట్టుకోండి.

ఇంకొక షాట్ ఊరికే ఇస్తాను. భారజలంతో చేసిన ఐస్ ముక్క మామూలు నీళ్లలో మునిగిపోతుంది. అది 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, బరువు కూడా ఎక్కువ. తనకిచ్చినది అసలు భారజలమేనా అని సార్ ఎప్పుడో ఒకసారి అనుమానిస్తాడు కదా. ఫ్రిజ్‌లో రెండు చుక్కలు గడ్డకట్టించి గ్లాసులో వేస్తాడు. అది తేలుతుంది. ఆ కుర్రాడి మోసం బయటపడటానికి ఇంతకన్నా ఏం కావాలి? మునిగే ఐస్ చూపించాలంటే మామూలు ఐసుని సర్జికల్ స్పిరిట్‌లో వేయండి, కిందికి పోతుంది, కెమెరాకి నీళ్లలాగే ఉంటుంది. స్పిరిట్ అంటుకునే సరుకు, లైట్లకి దూరంగా పెట్టుకుని, షాట్ అవగానే మూతపెట్టి బయటికి పంపేయండి.

ఇక సైన్స్ ఫిక్షన్ సంగతి. బాబూ, అప్పట్లో ఫిజిక్స్ వాళ్లు వేసిన ఒక చేదు జోకు ఉంది. డ్యుటీరియం కేంద్రకాలు కలిసి ఒక్క వాటు వేడి పుట్టిందంటే, దాంతోపాటు సెకనుకి దాదాపు లక్ష కోట్ల న్యూట్రాన్లు బయటికి రావాలి. ఆ ఇద్దరూ చెప్పింది చాలా వాట్లు. మరి ఆ గదిలో పనిచేసిన స్టూడెంటు శవం ఎక్కడ అని అడిగారు. ప్రయోగం నిజంగా ఫలిస్తే చేసినవాడు బతకడు. బతికున్నాడంటే ఫలించలేదు.

ఐసు తేలిన రాత్రి కుర్రాడు నిజం చెప్పేస్తాడు. సార్ కోప్పడడు. నోటు పుస్తకం తెరిచి ఆ తారీఖు దగ్గర ఎర్ర ఇంకుతో గీత గీస్తాడు. ఆ తారీఖు దాకా పోసినవి అసలు సీసాలే కదా, అప్పటి వేడి నిజమే కదా అంటాడు. కుర్రాడు, ‘నిజమే అయితే మనం బతికుండకూడదు కదా సార్’ అంటాడు. నువ్వు ఫిక్షన్ పెట్టదలుచుకుంటే పెట్టాల్సింది ఆ మాట తర్వాతే. ట్యూషన్ పిల్లల్లో ఒకరికి ముక్కులోంచి రక్తం రావచ్చు. వెనక గది గోడకి అటువైపున్న తులసి మొక్క ఒకవైపే ఎండిపోయి ఉండొచ్చు. బల్బు ఆర్పినా కౌంటరు ఈసారి తగ్గకపోవచ్చు. మూడింట్లో ఒక్కటే వాడు, మూడూ వాడితే మళ్లీ ఆ నాగుపాము లేస్తుంది. మూడో బెంచీ గారి పేలుడు ఎలాగూ ఉంది, ఆ కందిరీగ చూసుకుంటుంది.

న్యూట్రాన్ కౌంటరు కోసం కొత్తది ఏదీ కొనకు. హైదరాబాద్‌లో కోఠి దగ్గర పాత ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలుంటాయి. ముల్లు కదిలే పాత ప్యానెల్ మీటరు, ఒక బజరు, ఒక రేకు డబ్బా తీసుకో. బజరుకి కంట్రోలు నీ అసిస్టెంటు చేతిలో ఉండాలి, కెమెరా వెనక. ఆర్టిస్టులకి అది ఎప్పుడు మోగుతుందో ముందు చెప్పకు.

రీలుపిచ్చి (కొత్తగూడెం):

తులసి మొక్క తీసుకుంటున్నా సార్. బజరు మా అక్క చేతికి ఇస్తా, ఎలాగూ షూటింగ్‌కి లెక్కలు చూడ్డానికి వస్తానంటోంది.